ఒన్స్ మోర్

వియన్నా స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే టికెట్లుంటాయి. రెండు మూడు కాఫీల ఖరీదు. ఆనుకోడానికి ఎదురుగా ఓ కమ్మీ, ఆ కమ్మీకి మాటల అర్థం చూపించే చిన్న తెర. మనం బస్సు కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేసినట్టు, అప్పట్లో అక్కడివాళ్ళు కమ్మీకి స్కార్ఫ్ కట్టి, చోటు ఖాయం చేసుకుని బయటికి పోయేవాళ్ళు. అది చూశాక కాస్త ధైర్యం వచ్చింది. ఆఫీసు పని మీద ఆ ఊరెళ్ళి, ఒక సాయంత్రం ఖాళీ దొరికితే వెళ్ళాను. ఒపెరా చూడ్డం అదే మొదటిసారి. ఆ రోజు మొజార్ట్ ‘ఫిగారో పెళ్ళి’.

కథ తేలికే. దొరగారి నౌకరు ఫిగారో, దొరసాని దగ్గర పనిచేసే సుజానా పెళ్ళి చేసుకోబోతున్నారు. దొర కన్ను సుజానా మీద ఉంది. దొరసానీ, ఇద్దరు పనివాళ్ళూ కలిసి ఆయనకి బుద్ధి చెప్తారు. దీనికి మూలం బోమార్షే రాసిన ఫ్రెంచి నాటకం. దాన్ని వియన్నాలో ఆడకుండా 1785లో ఆపించింది సాక్షాత్తూ చక్రవర్తి రెండో జోసెఫ్. డా పోంటే అందులో దొరల్ని కడిగేసే ప్రసంగాలు తీసేసి ఇటాలియన్‌లో పాటలుగా రాస్తే, అదే చక్రవర్తి సరేనన్నాడు. 1786 మే 1న మొదటి ఆట. నేను నిలబడ్డ భవనంలో కాదు, ఇది తెరిచింది 1869లో. అప్పుడు ఆడింది రాజప్రాసాదాన్ని ఆనుకుని ఉన్న పాత బుర్గ్‌థియేటర్‌లో.

మూడో అంకంలో ఒక డ్యూయెట్ ఉంది. ‘షాషాంక్ రిడెంప్షన్’ చూసినవాళ్ళకి తెలుసు, జైలు మైకుల్లో వినిపించేది అదే. దొరకి పంపాల్సిన దొంగ ఉత్తరాన్ని దొరసాని చెప్తుంటే సుజానా రాస్తుంది. ఆవిడ అన్న మాటని ఈవిడ అందుకుంటుంది. కాసేపటికి రెండు గొంతులూ కలిసిపోయి, ఎవరు యజమానో ఎవరు పనిమనిషో చెవికి తెలీదు. పాట అయిపోయింది. చప్పట్లు కొట్టారు, ఆగాయి, కథ ముందుకెళ్ళిపోయింది. నా నోటి చివరిదాకా ఒక మాట వచ్చి ఆగింది. “ఒన్స్ మోర్!”

ఆ మాట నాది కాదు, మా తాతయ్యది. తాతయ్యది తెనాలి దగ్గర పల్లె. పద్యనాటకమంటే ప్రాణం. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా హైదరాబాద్‌లో ‘సత్య హరిశ్చంద్ర’ వేస్తుంటే నన్ను తీసుకెళ్ళాడు. కాటి సీనులో పద్యం అవ్వగానే లేచి నిలబడి, చెయ్యెత్తి “ఒన్స్ మోర్!” అని అరిచాడు. ముందు వరసలో మా స్కూలు అమ్మాయిలున్నారు. “తాతయ్యా, కూర్చో, అందరూ చూస్తున్నారు” అన్నాను. కూర్చున్నాడు. మళ్ళీ అరవలేదు. ఆ తర్వాత ఏ నాటకానికీ నన్ను రమ్మనలేదు కూడా.

హోటల్‌కొచ్చి చదువుతూ కూర్చుంటే తెలిసింది: ఫిగారోకి మొదట్లో వచ్చిన జనం అచ్చం మా తాతయ్యలాంటివాళ్ళే. మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ ఆ నెలలోనే కూతురికి ఉత్తరం రాశాడు: రెండో ఆటలో ఐదు పాటలు మళ్ళీ పాడించారట, మూడో ఆటలో ఏడు. ఒక చిన్న డ్యూయెట్ అయితే ఏకంగా మూడుసార్లు. మే 9న చక్రవర్తి హుకుం జారీ చేశాడు. ఒక గొంతుకు మించి ఉన్న ఏ పాటనీ మళ్ళీ పాడకూడదని. ఒపెరా మరీ పొడుగైపోతోందని కారణం. న్యాయమైనదే అనుకోండి, అసలే మూడు గంటల పైచిలుకు. కానీ ఒంటరి పాటలకి మినహాయింపు ఇచ్చాడు, గాయకుల పేరుప్రతిష్ఠలకి లోటు రాకూడదని. ఫిగారోలో అసలు సరుకంతా ఉన్నది దొరలూ నౌకర్లూ కలిసి పాడే పాటల్లోనే. వేటు సరిగ్గా వాటిమీదే పడింది.

ఇందులో రెండు చిన్న వేషాలు వేసిన మైకేల్ కెల్లీ అనే ఐరిష్ గాయకుడు నలభై ఏళ్ళ తర్వాత తన జ్ఞాపకాల్లో ఒక ముచ్చట చెప్పాడు. చక్రవర్తి గాయకుల దగ్గరికొచ్చి, పాడిందే పాడే శ్రమ తప్పించాను, సంతోషమేనా అని అడిగాడట. సుజానా వేషం కట్టిన నాన్సీ స్టొరాచే, అవును ప్రభూ, చాలా కష్టంగా ఉండేదంది. కెల్లీ మాత్రం, వీళ్ళని నమ్మకండి, మళ్ళీ పాడమంటే అందరికీ ఇష్టమే, నాకైతే మరీనూ అన్నాడట. చక్రవర్తి నవ్వేశాడు.

ఆ రోజుల్లో హాల్లో కూడా దీపాలు వెలుగుతూనే ఉండేవి, జనం ఒకళ్ళకొకళ్ళు కనిపించేవాళ్ళు. 1876లో వాగ్నర్ బైరాయిట్‌లో హాలంతా చీకటి చేశాడు. 1897లో వియన్నా ఒపెరాకి డైరెక్టరైన మాహ్లర్ ఆలస్యంగా వచ్చేవాళ్ళని తలుపు బయటే నిలబెట్టాడు. నేను అక్కడ దగ్గు ఆపుకుంటూ నిలబడి, ఇదే అనాదిగా ఉన్న మర్యాద కాబోలనుకున్నాను. తొమ్మిదో క్లాసులో తాతయ్యని కూర్చోబెట్టింది కూడా ఈ మర్యాదే. అది నాకెవరు నేర్పారో మాత్రం గుర్తులేదు.

మర్నాడు తాతయ్యకి ఫోన్ చేశాను. ఎనభై నాలుగేళ్ళు, చెవులు సరిగ్గా వినపడవు. గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చింది: దొరసాని, ఉత్తరం, మూడుసార్లు పాడించిన డ్యూయెట్, రాజుగారి హుకుం. ఆ కాటి సీను రోజు సంగతి కూడా ఎత్తాను. “ఏ రోజు?” అన్నాడు. నిజంగా మర్చిపోయాడో, మర్చిపోయినట్టు మాట్లాడాడో తెలీలేదు.

కాసేపాగి అడిగాడు. “అది సరే అమ్మడూ, మూడోసారి పాడినప్పుడు రాగం కొత్తగా తీశారా, పాడిందే పాడారా?”

లియోపోల్డ్ అది రాయలేదు తాతయ్యా, అన్నాను.

“మరి ఏం విన్నాడూ!” అన్నాడు.