టీకా, లసికె

బెంగళూరు తూర్పు భాగాన ఉన్న కె.ఆర్.పురంలోని తెలుగువారు ‘టీకా’ అనే మందును అక్కడి కన్నడం ‘లసికె’ అంటుంది. హిందీ ద్వారా తెలుగుకు చేరిన టీకా అంటే బొట్టు లేదా గుర్తు కనుక, మశూచి రాకుండా చర్మాన్ని గీరి మందు ఎక్కించిన చోట మిగిలే మచ్చ వల్లనే ఆ పేరు వచ్చిందనుకోవడం సమంజసం. వ్యాఖ్యానమనే అర్థంలో ‘టీకాతాత్పర్యం’లో కనిపించే టీకతో దీనికి అర్థసంబంధం లేదు. లసికెకు మూలమైన సంస్కృత ‘లసీక’ ఆయుర్వేదంలో చర్మమాంసాల నడుమ ఉండే నీటివంటి ద్రవం, తొలినాటి టీకా మందు కూడా పొక్కుల నుంచి తీసిన రసమే కాబట్టి, కన్నడం ఎంపికే వస్తువుకు మరింత దగ్గరగా ఉందనాలి. ఇంగ్లీషు ‘వ్యాక్సిన్’ మాత్రం ఆవుకు లాటిన్ పేరైన ‘వాక్కా’ నుంచి పుట్టింది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల మశూచి రసాన్ని ఒక బాలుడికి ఎక్కించి, అది మనుషుల మశూచిని అడ్డుకుంటుందని చూపాడు. ఆవుతో ముడిపడిన ఆ పేరును ఇతర రోగాల మందులకూ వర్తింపజేయాలని 1881లో సూచించినవాడు లూయీ పాశ్చర్.