పండగ బిస్కెట్టు: పిండి ఇంటిది, పొయ్యి ఊరిది

దీపావళి పలహారం పొట్లం గురించి మాట్లాడుకునేటప్పుడు ఒకరు "అరిసెలు, మురుకులు, సున్నుండలు చాలు, బిస్కెట్టు మన తెలుగువాళ్ళది కాదు" అన్నారు. పెట్టడం, మానడం కమిటీ ఇష్టం. కానీ "మనది కాదు" అన్న మాటకి జవాబు రాయాలనిపించింది. నేను చదివింది అరవ మీడియంలో, తెలుగు అక్షరాలు ఇంట్లో మా అవ్వ దిద్దించినవి. కాబట్టి నా రాత మాట్లాడినట్టే ఉంటుంది.

బిస్కెట్టు మన ఇళ్ళల్లోకి ఆలస్యంగా వచ్చిందంటే దానికి కారణం రుచి కాదు, పొయ్యి. మన పొయ్యికి మంట కిందనుంచే. వేయించడానికి, ఉడకబెట్టడానికి, పెనం మీద కాల్చడానికి అది చాలు. బిస్కెట్టుకి పైనా కిందా చుట్టూ సమానంగా వేడి తగలాలి. దానికి ఇటుకలతో కట్టిన బట్టీ కావాలి, అది బేకరీలోనే ఉంటుంది. కొందరు మందపాటి గిన్నెలో ఇసుక పోసి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చేవాళ్ళు. పది బిస్కెట్లకి సరే, పండక్కి ఊరంతా పంచాలంటే ఎలా?

మన దేశంలో ఈ పలహారానికి పాత పేరు నాన్‌ఖటాయి. నాన్ అంటే పారసీ భాషలో రొట్టె. ఖటాయి అంటే చీనా దేశం పేరని కొందరంటారు. సూరత్‌లో డచ్చివాళ్ళు పెట్టుకున్న రొట్టెల బట్టీ తరవాత ఒక పార్సీ చేతికి వచ్చిందనీ, అమ్ముడుపోక ఎండిన రొట్టెల్ని జనం ఇష్టపడి కొనడంతో అదే బిస్కెట్టు వ్యాపారమైందనీ అక్కడి కథ. రొట్టె పిండి పొంగడానికి అప్పుడు కల్లు వాడేవాళ్ళట. అదే డచ్చివాళ్ళు 1605లోనే మన మచిలీపట్నంలో దిగారు, తరవాత పులికాట్‌లో కోట కట్టారు. కానీ పేరు మాత్రం సూరత్‌కే దక్కింది!

కల్లు, గుడ్డు, ఏ కొవ్వో తెలియదు, ఎవరి చెయ్యో తెలియదు. అసలు అడ్డం ఇక్కడ ఉంది. ఆ రోజుల్లో బేకరీ రొట్టె తింటే కులం పోతుందనుకున్న ఇళ్ళు ఎన్నో. 1892లో కలకత్తాలో బ్రిటానియా 295 రూపాయల పెట్టుబడితో మొదలైంది. 1898లో ఢిల్లీలో ఒక కంపెనీ ఏకంగా "హిందూ బిస్కెట్" అనే పేరే పెట్టుకుంది, పై కులాలవాళ్ళే చేస్తారని చెప్పుకుని అమ్మింది. అదే 1898లో బెంగుళూరు చిక్‌పేటలో తిరుమలాచార్ అనే హాసన్ అయ్యంగారు బి.బి. బేకరీ పెట్టారు. ఈరోజు కర్ణాటక అంతా కనిపించే గుడ్డు లేని అయ్యంగార్ బేకరీలకి అదే మొదలు. ఇందులో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎవరు చేశారో చూసి తినడం అనే రోగం బిస్కెట్టు దాకా వచ్చిందంతే.

ఆ రోగానికి ఆడవాళ్ళు వేరే మందు కనిపెట్టారు. పిండి ఇంట్లో కలిపి, కాల్చడానికి మాత్రం బేకరీకి పంపడం. మహారాష్ట్రలో దీపావళి ఫరాళ్‌కి నాన్‌ఖటాయి ఇలాగే చేయించేవాళ్ళు. షోలాపూర్, భివండి పక్కనున్న మన పద్మశాలి బంధువులకి ఇది తెలిసే ఉంటుంది. మా పక్క దీన్ని నెయ్యి బిస్కెట్టు అనేవాళ్ళం. పేరు నెయ్యిదే గానీ లోపల ఉండేది డాల్డా. 1937లో డాల్డా వచ్చాకే గుమస్తా జీతం ఇళ్ళకి ఇది అందుబాటులోకి వచ్చింది. కిలో మైదాకి అర కిలో డాల్డా, అర కిలో చక్కెర పొడి, చిటికెడు సోడా, ఏలకులు. డాల్డాని తెల్లగా నురగ వచ్చేదాకా అరచేత్తో రుద్దాలి. ఆ పని మా అక్కలది, చేతులు పడిపోయేవి.

తట్టలు నెత్తిన పెట్టుకుని బేకరీకి మోసిన పని నాది. బేకరీ భాయి పొద్దున్నే రమ్మనేవాడు కాదు. తెల్లవారుజామున రొట్టెలు కాలాక, బట్టీలో నిప్పు లాగేసిన తరవాత ఇటుకల్లో వేడి మెల్లగా దిగుతూ ఉంటుంది. ఆ దిగే వేడే బిస్కెట్టుకి సరి. ముందే పెడితే అంచు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది. మధ్యాహ్నం దాకా వరసలో కూర్చునేవాళ్ళం. తట్టలు కలిసిపోకుండా ఇంటికొక గుర్తు ఉండేది. మాది దువ్వెన పళ్ళ గీతలు, ఎదురింటివాళ్ళది జీడిపప్పు ముక్క. కిలోకింత అని కూలీ. మా అవ్వ బేకరీ రొట్టె ముట్టేది కాదు, ఈ బిస్కెట్టు మాత్రం తినేది. అడిగితే "నిప్పుకి మైల లేదురా" అనేది. భాయి ఇంటికి మొదటి తట్ట నుంచి పది బిస్కెట్లు ఇచ్చి రమ్మనేది కూడా ఆమే.

రైల్వే కాలనీల్లో ఇంకో దారి కూడా ఉంది. పొన్మలై, పెరంబూర్, ఖరగ్‌పూర్ లాంటి చోట్ల ఆంగ్లో ఇండియన్ ఇళ్ళల్లో క్రిస్మస్‌కి కల్‌కల్స్, రోజ్ కుకీలు చేసేవాళ్ళు. ఈ రెండూ నూనెలో వేగేవి, బట్టీ అక్కర్లేదు. రోజ్ కుకీ అంటే మన గులాబీ పువ్వులే, అరవంలో అచ్చు మురుకు. పక్కింటి ఇనప అచ్చు అడిగి తెచ్చుకుంటే చాలు, గుడ్డు మానేసి మన పండక్కి చేసుకోవచ్చు.

2025 జనవరిలో బొంబాయి హైకోర్టు అక్కడి కట్టెల, బొగ్గుల బట్టీలు ఆరు నెలల్లో గ్యాసుకో కరెంటుకో మారాలని చెప్పింది. పొగ పీల్చేవాళ్ళకి మంచిదే, నేను కాదనను. కానీ ఇంటి పిండి తీసుకుని కాల్చి ఇచ్చే భాయిలు అంతకుముందే తగ్గిపోయారు. అందుకని అడుగుతున్నాను. షోలాపూర్, బరంపురం, హుబ్లీ, యానాం వాళ్ళు, మీ ఇళ్ళల్లో ఈ బిస్కెట్టుని ఏమనేవారు, ఏ పండక్కి చేసేవారు, ఎవరి బట్టీలో కాల్పించేవారు, మీ తట్ట మీద గుర్తు ఏది? ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి కింద రాయండి.