డాష్‌బోర్డు మీద ముల్లు

కారు ఇంజను లోపల ఏం జరుగుతోందో నడిపే మనిషికి ఎంతవరకు తెలియాలి? ఈ ప్రశ్నకి వందేళ్ళుగా జవాబు మారుతూనే వచ్చింది. నిక్షేపంలాంటి కొత్త కారు కొని, కంపెనీ పెట్టని ఆయిల్ ప్రెషర్ మీటరో టెంపరేచర్ మీటరో విడిగా బిగించుకునే వాళ్ళని చూస్తే ఇదంతా కుర్రాళ్ళ సరదా అనిపిస్తుంది. సరదా ఉంది, కాదనను. కానీ ఆ గుండ్రటి డయల్ వెనక ఒక పాత తగాదా కూడా ఉంది.

మొదట్లో అసలు చెప్పేదే ఏమీ లేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో పెట్రోలు ఎంతుందో తెలియాలంటే సీటు ఎత్తి, కింద టాంకులో కర్ర ముంచి చూసుకోవాలి. ఆయిల్ సంగతి తెలియాలంటే కారు కిందికి దూరి, ఇంజను అడుగునున్న చిన్న కుళాయి తిప్పాలి. కారితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నీళ్ళు మరిగిపోయాయని ఆవిరి పైకి లేచాక గానీ తెలిసేది కాదు.

ఆ లోటులోంచే 1912లో అమెరికాలో బాయిస్ మోటోమీటర్ పుట్టింది. రేడియేటరు మూత మీద నిలబెట్టిన థర్మామీటరు అది. దాని కింది కొన నీళ్ళ పైన ఆవిరి ఉండే చోటికి దిగుతుంది. బానెట్ చివర ఎర్ర గీత ఎంత ఎత్తుకి ఎక్కిందో డ్రైవరు ముందు అద్దంలోంచి చూసుకుంటాడు. కారుతో రాని మీటరుని బయట కొని తగిలించుకోవడం జనానికి బాగా అలవాటు చేసిన వస్తువుల్లో ఇదొకటి. తర్వాత ఈ పని డాష్‌బోర్డు మీది మీటర్లు చేయడం మొదలుపెట్టాయి, మోటోమీటర్ మరుగున పడింది. ఆయిల్ ఒత్తిడి చూపడానికి పనికొచ్చిన కిటుకు ఇంకా పాతది: 1849లో ఫ్రాన్సులో యూజీన్ బూర్దాన్ పేటెంటు తీసుకున్న వంపు గొట్టం. లోపల ఒత్తిడి పెరిగితే గొట్టం నిటారు కావాలని చూస్తుంది, ఆ కదలికే ముల్లుని తిప్పుతుంది.

1930లలో హడ్సన్ కంపెనీ ఈ ముళ్ళని తీసేసి ఆయిల్ ప్రెషర్‌కీ బ్యాటరీ చార్జింగ్‌కీ ఎర్ర లైట్లు పెట్టింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. లైటు చవక, పైగా ముల్లుని చదవడం రానివాళ్ళకి కూడా అర్థమవుతుంది. మీటర్లు చదవగలిగిన వాళ్ళు మాత్రం వాటికి ‘ఇడియట్ లైట్లు’ అని పేరు పెట్టారు.

ఆ తిట్టులో పొగరు ఉన్నా, కొంత నిజం కూడా ఉంది. మామూలుగా ఆయిల్ లైటు వెలిగేది ఒత్తిడి సుమారు 5 పీఎస్ఐకి పడిపోయాక. వేడెక్కిన ఇంజనుకి ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కీ ఓ 10 పీఎస్ఐ ఉండాలన్నది పాత మెకానిక్కుల లెక్క. ఆ లెక్కన 3000 ఆర్‌పీఎమ్ దగ్గర 30 ఉండాలి. అది 12కి దిగినా లైటు ఆరిపోయే ఉంటుంది, బేరింగులు మాత్రం అరిగిపోతుంటాయి. లైటు వెలిగేసరికి చాలాసార్లు కథ అయిపోయినట్టే. ముల్లు అయితే పోయిన వారం కంటే ఈ వారం కిందికి దిగిందని ముందే చూపిస్తుంది.

అందుకే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియాలో పాత కార్లని విప్పి వేగం పెంచుకునే హాట్ రాడ్ కుర్రాళ్ళు స్టూవర్ట్-వార్నర్ లాంటి కంపెనీల మీటర్లు కొని బిగించుకున్నారు. టర్బో కార్లు వచ్చాక అద్దం పక్కనున్న పిల్లర్ మీదికి బూస్ట్ మీటరు ఎక్కింది.

ఇంకో విచిత్రం చూడండి. ముల్లు ఉన్నంత మాత్రాన అది నిజం చెప్తుందని కూడా లేదు. 1995 నుంచి కొన్నేళ్ళపాటు మాజ్దా మియాటాలో ఆయిల్ ప్రెషర్ మీటరు పేరుకే మీటరు. వెనకాల ఉన్నది లైటుకి వాడే స్విచ్చే. కాస్త ఒత్తిడి ఉంటే చాలు, ముల్లు బుద్ధిగా మధ్యలో నిలబడేది. అంతకుముందు మోడళ్ళలో అసలు మీటరే ఉండేది. ఆ పాత మీటరూ సెన్సరూ వెతికి తెచ్చి మార్చుకున్న ఓనర్లు ఉన్నారు. చాలా కంపెనీల టెంపరేచర్ మీటర్లూ అంతే. వేడి పది ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అయినా ముల్లు కదలకుండా ఉండేలా తయారుచేస్తారు. ముల్లు ఊగితే కొన్నవాళ్ళు కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పరిగెడతారు కదా మరి! మన రోడ్ల మీద తిరిగే ఎన్నో చిన్న కార్లలో అయితే ఆ ముల్లు కూడా లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు.

ఇప్పుడు కంప్యూటర్ ఉంది కదా అనొచ్చు. 1996 మోడళ్ళ నుంచి అమెరికాలో ఓబీడీ-2 పోర్టు తప్పనిసరి. మన దేశానికి ఈ పద్ధతి భారత్ స్టేజ్-4తో పాటు దశలవారీగా వచ్చింది. స్టీరింగు కింద చిన్న డాంగిల్ గుచ్చితే కూలెంట్ వేడి, ఆర్‌పీఎమ్ ఫోన్లోకి వచ్చేస్తాయి. కానీ ఆ పోర్టు పుట్టింది ఇంజనుని కాపాడడానికి కాదు, పొగని అదుపు చేయడానికి. అందుకే దాని ప్రామాణిక జాబితాలో ఆయిల్ ప్రెషర్ లేనే లేదు. అది కావాలంటే ఈనాటికీ పాత దారే: ఆయిల్ ఫిల్టరుకీ ఇంజనుకీ మధ్య ఒక అడాప్టరు పెట్టి, దానికి సెన్సరు బిగించి, వైరు లోపలికి లాగడం.

ఈ పనిలో ప్రమాదం లేకపోలేదు. పాత మెకానికల్ మీటర్లకి కాగే ఆయిల్‌ని సన్నటి గొట్టంలో నేరుగా డాష్‌బోర్డు దాకా తేవాలి. అది పగిలిందా, నడిపేవాడి కాళ్ళ మీదే. పాత అమ్మీటర్లు కారు కరెంటు చాలావరకు తమలోంచే పోనిచ్చేవి. కనెక్షను వదులైతే అక్కడే మంట. వాటి స్థానంలోకి వోల్ట్‌మీటర్లు రావడానికి అదొక కారణం. సరిగా బిగించని మీటరు, లేని జబ్బుని తెచ్చిపెట్టగలదు.

అయినా బిగించుకుంటున్నారంటే, ఆ ముల్లు ఇచ్చేది అంకె ఒక్కటే కాదు. నెలల తరబడి చూస్తే మన బండికి పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు ఎంత ఉంటుంది, మే నెల ట్రాఫిక్‌లో ఎంత ఉంటుంది, ఘాట్ ఎక్కేటప్పుడు ఎంత ఉంటుంది అన్నది మనసులో పడిపోతుంది. ఏది మామూలో తెలిసినవాళ్ళకే ఏది తేడానో తెలుస్తుంది. ఆ తేడాని ఎప్పుడు చెప్పాలో లైటు విషయంలో కంపెనీ ముందే నిర్ణయించేసింది. ముల్లు విషయంలో ఆ నిర్ణయం ఇంకా మన చేతిలోనే ఉంది.