గిద్దె నుంచి తూము దాకా నాలుగింతల లెక్క

రాజమండ్రి వైపు నుంచి గౌతమి వంతెన దాటగానే వచ్చే రావులపాలెం అరటి గెలల వ్యాపారానికి పేరున్న ఊరు. ఆ పరిసరాల డెల్టా పల్లెల్లో వరి కూడా అంతే ముఖ్యం. ఇప్పుడు ధాన్యాన్ని బస్తాల్లో, క్వింటాళ్లలో చెబుతున్నాం. మెట్రిక్ కొలతలు రాకముందు కుంచాలు, తూములు, పుట్లలో చెప్పేవారు. ఆ కొలతల వెనుక ఒక చక్కటి గణితం ఉంది.

నాలుగు గిద్దెలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. అంటే తూముకు 256 గిద్దెలు. కొలపాత్ర పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారినా ఈ వరస మాత్రం నాలుగింతల చొప్పున నడిచింది. మనం రోజూ రాసే అంకెలు పదింతల చొప్పున పెరిగితే, ఇవి నాలుగింతల చొప్పున పెరుగుతాయి. పుట్టి దగ్గరికి వచ్చేసరికి ఈ వరస మారుతుంది. 20 తూములు ఒక పుట్టి.

174 గిద్దెల బియ్యం తీసుకుందాం. అది 2 కుంచాలు, 2 మానికలు, 3 సోలలు, 2 గిద్దెలు. వరసగా రాస్తే 2232. ఈ అంకెలు కూడితే 9 వస్తుంది. 9ని మూడు భాగిస్తుంది కాబట్టి బియ్యం ముగ్గురికి శేషం లేకుండా సమంగా వస్తుంది. ఒక్కొక్కరికి 58 గిద్దెలు, అంటే 3 మానికలు, 2 సోలలు, 2 గిద్దెలు. 4, 16, 64 వీటిలో దేన్ని మూడుతో భాగించినా ఒకటే మిగులుతుంది. అందుకే అంకెల మొత్తం చూస్తే చాలు. మామూలు లెక్కలో తొమ్మిదికి ఉన్న గుణం ఇక్కడ మూడుకు వచ్చింది.

ఒకటికి తక్కువైన భాగాలు రాయడానికి మనవాళ్లు ప్రత్యేక గుర్తులు వాడారు. పావుల స్థానంలో నిలువు గీతలు, పదహారో వంతుల స్థానంలో అడ్డ గీతలు, ఆపైన మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. పై లెక్కను తూములో భాగంగా రాస్తే ౺౽౻౽ అవుతుంది. పక్కపక్క స్థానాల గీతలు కలిసిపోయి పొరపాటు పడే అవకాశం లేదు. ప్రాచీన చైనాలో పుల్లలు పేర్చి లెక్క కట్టినవారూ స్థానాన్ని బట్టి నిలువు, అడ్డం మార్చేవారు.

డబ్బులోనూ ఇదే పద్ధతి. రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగు అణాలు, అణాకు నాలుగు కానులు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక రూపాయి నూరు భాగాలైంది. తర్వాత కిలోలు, లీటర్లు వచ్చి సోలను, మానికను పక్కకు తప్పించాయి.

ఈ భిన్నాంకెలకూ తూము గుర్తుకూ 2008లో యూనికోడ్ 5.1లో చోటు దక్కింది. కంప్యూటర్‌లో రాసే వీలు వచ్చింది కానీ చదవగలిగేవారు తగ్గిపోతున్నారు. మీ ఇంట్లో అటక మీద పాత జమాఖర్చు పుస్తకాలు ఉంటే చిత్తు కాగితాల కింద అమ్మేయకండి. వాటిలోని గీతలను ఇంటి పెద్దల చేత చదివించండి, ఫొటోలు తీసి దాచండి. పిల్లలకు ఆ లెక్క ఒక్కసారైనా చేసి చూపించండి.