పిండికి తోడు

కిందటి దసరాకు అమెరికా నుండి వచ్చిన మా మేనకోడలు పెట్టె విప్పి, బహుమతులన్నీ పంచిన తరువాత, అడుగున దాచిన చిన్న కాగితపు పొట్లం ఒకటి బయటకు తీసింది. అందులో ఎండిన అప్పడపు ముక్కల్లాంటి పిండి రేకులున్నాయి. "దీనికి ప్రాణం ఉంది మామయ్యా, చూస్తూ ఉండు" అని, వాటిని గోరువెచ్చని నీటిలో నానబెట్టి, గోధుమపిండి కలిపి, గాజు సీసాలో పోసి వదులుగా మూత పెట్టింది. రోజూ కాస్త తీసివేసి, కాస్త కొత్త పిండీ నీళ్ళూ చేర్చింది. మూడవ నాటికి, మా తిరువూరి ఉక్కకు కాబోలు, ఆ పిండి బుడగలెత్తి సీసా అంచు దాకా పొంగింది. దీనినే వాళ్ళు సవర్‌డో స్టార్టర్ అంటారట. 2020 లాక్‌డౌన్‌లో అక్కడి అంగళ్ళలో ఈస్టు దొరకనప్పుడు, ఎందరో చేసినట్టే తానూ దీన్ని మొదలుపెట్టిందట.

ఎనభై దాటిన మా అమ్మ ఆ సీసా దగ్గరకు వచ్చి, మూత తీసి వాసన చూసి, "ఇది తరవాణి వాసన గదే!" అన్నది.

తరవాణి అంటే ఏమిటో మేనకోడలికి తెలియదు. తెలియకపోవడానికి కారణం ఆమె కాదు. ఆ సంగతి చివర చెబుతాను.

* * *

పులిసిన పిండి చరిత్ర చాలా పాతది. ప్రాచీన ఈజిప్టు వాసులు పొంగిన రొట్టెలు చేసుకున్నారు. క్రీస్తు శకం మొదటి శతాబ్దిలో రోమను రచయిత ప్లినీ, ముందునాటి ముద్దలో కొంత దాచి మరునాటి పిండిలో కలిపే పద్ధతిని తన ప్రకృతి చరిత్రలో నమోదు చేశాడు. అందులో పనిచేసేది ఏదో మాత్రం అప్పట్లో ఎవరికీ తెలియదు. పాలు పులియడానికి సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ ప్రకటించినది 1857లో. గాలిలోను, పిండిలోను ఉండే అడవి ఈస్టు, ఆమ్లాన్ని పుట్టించే బాక్టీరియా ఒకే సీసాలో కాపురం చేస్తాయి. మొదటిది పొంగిస్తుంది, రెండవది పులుపునిచ్చి, చెడగొట్టే క్రిములను దూరంగా ఉంచుతుంది.

ఆ ముద్దను బతికించుకోవడం ఒక నిత్యకృత్యం. 1890లలో బంగారం కోసం క్లాండైక్ మంచుకొండలకు వెళ్ళిన వారిలో అనుభవజ్ఞులను "సవర్‌డో" అనే పిలిచేవారు. పులిసిన పిండిని చలికి చావకుండా వెంట మోసుకు తిరిగిన వారు గనుక ఆ పేరు వచ్చింది.

మనకు ఈ విద్య కొత్తదా? పాలు పెరుగు కావడానికి వేసే చెంచాడు పాత పెరుగును మనం "తోడు" అంటాము. స్టార్టర్ అన్న మాటకు ఇంతకంటె మంచి తెలుగు నేనెరుగను. "కాస్త తోడుంటే పెడతారా వదినగారూ" అని పొరుగింటికి గిన్నె పట్టుకు వెళ్ళడం మా వీధిలో నిన్నమొన్నటి వరకూ ఉన్నదే. ఇడ్లీ సంగతి చూస్తే, 10వ శతాబ్దపు కన్నడ గ్రంథం వడ్డారాధనెలో "ఇడ్డలిగె" అనే పేరుంది. 12వ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడి మానసోల్లాసంలో "ఇడ్డరిక" ఉంది. అయితే ఆ పాత వంటకాలలో మినుములే గాని బియ్యపు రవ్వ లేదనీ, రాత్రంతా పులియబెట్టడం కనబడదనీ ఆహార చరిత్రకారులు గమనించారు. కాబట్టి ఇడ్లీని చూపి మనం మరీ గర్వపడనవసరం లేదు. పులుపును ఏళ్ళ తరబడి ఒకే పాత్రలో బతికించినది తరవాణి కుండ.

అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు ఒక పాత మట్టికుండలో పోసి మూల నుంచేవారు. ప్రతిదినమూ పైన తేరిన పుల్లని నీటిని కొంత తీసి చద్దన్నంలో పోసుకొని, మళ్ళీ కొత్త గంజి చేర్చేవారు. ఆయుర్వేదంలో కాంజికమనే పులిసిన గంజికి ఇది దగ్గరి చుట్టం. తీసినంత పోయడం, పోసినంత తీయడం, కుండను ఎన్నడూ ఖాళీ చేయకపోవడం, ఇవే నియమాలు. మా మేనకోడలు సీసాకూ ఇవే నియమాలు.

తాటిచెట్లు నిండిన మన తీరంలో మరొక తోడు కూడా ఉండేది. అది కల్లు. దక్షిణాదిలో తెల్లదొరల కోసం రొట్టెలు కాల్చినవారు ఈస్టుకు బదులు కల్లు వాడేవారు. గోవాలో పోర్చుగీసువారి రొట్టెకూ అదే ఆధారం. తరువాత 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ బేకింగ్ పౌడరు చేశాడు. 1868లో అమెరికాలో ఫ్లైష్‌మన్ సోదరులు ముద్ద ఈస్టును అమ్మకానికి తెచ్చారు. అప్పటినుండి పొంగడమన్నది పొట్లంలో కొనుక్కునే వస్తువైంది. పొరుగింటికి గిన్నె పట్టుకు వెళ్ళే పని తప్పింది.

* * *

ఆ సీసాలోని పిండితో మా మేనకోడలు చేసినది రొట్టె కాదు, యాపిలు ముక్కలు వేసిన మెత్తని కుకీలు. అక్కడ ఆకురాలే కాలంలో, దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, శొంఠి కలిపి చేస్తారట. "ఇవి మా ఫాల్ వాసనలు" అన్నది. ఆ వాసనల వెనుక మన జిల్లా ఉన్నదని చెబితే నమ్మలేదు.

తిరువూరు 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు కృష్ణా జిల్లా, 1859కి పూర్వం ఆ జిల్లా పేరే మచిలీపట్నం. ఆ మచిలీపట్నంలో డచ్చివారు 1605లో వర్తకశాల పెట్టారు, ఇంగ్లీషువారి కంటె ఆరేళ్ళు ముందు. వారికి కావలసినవి మొలక్కా దీవుల లవంగాలు, బండా దీవుల జాజికాయలు. ఆ దీవులలో చెల్లుబాటయ్యే సరుకు మన నేత బట్ట. చిరివేరు ఎరుపుతో అద్దిన కోరమాండల్ గుడ్డలిచ్చి లవంగాలు తెచ్చుకొనేవారు. మొలక్కా దీవులకు కోరమాండల్ తీరం ఎడమచేయి వంటిదని 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి తన పైవారికి వ్రాశాడు. ఆ చేయి లేనిదే అక్కడి వ్యాపారం సాగదని భావం. మాకు పడమరగా, నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో సైతం 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో డచ్చివారి వర్తక స్థావరం ఉండేది. అంటే ఆ బేరం మా పొలిమేరల దాకా వచ్చింది.

జాజికాయ కథలో నెత్తురు కూడా ఉంది. 1621లో యాన్ కూన్ అనే డచ్చి గవర్నరు జనరలు బండా దీవులపై దండెత్తి, సుమారు పదిహేను వేల జనాభాలో అత్యధికులు చచ్చో, బానిసలయ్యో, పారిపోయో కనుమరుగయ్యేలా చేశాడు. మన మగ్గం మీద నేసిన బట్ట ఆ వర్తకంలోదే. నేసినవాడికి ఆ సంగతి తెలియదు. వాని ఇంట జాజికాయ వాసన లేనూలేదు, తరవాణి వాసన తప్ప.

"కుకీ" అన్న మాట కూడా డచ్చిదే. "కూకియె" అంటే చిన్న కేకు. నేటి న్యూయార్కు 1664 వరకు డచ్చివారి న్యూ ఆంస్టర్‌డాం. ఆ మాట అక్కడ దిగి అమెరికా ఇంగ్లీషులో కలిసింది. 1796లో అమీలియా సిమన్స్ ప్రచురించిన అమెరికా తొలి వంటల పుస్తకంలో క్రిస్మసు కుకీలున్నాయి. వాటిలో వేయమన్న దినుసు ఏమిటో చూడండి: ధనియాల పొడి!

ఇక యాపిలు. మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ కొండల అడవి పండు ఐరోపాకు, అటునుండి అమెరికాకు పోయింది. ఫిలడెల్ఫియా నుండి 1904లో భారతదేశం వచ్చిన శామ్యూల్ స్టోక్స్ సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో అమెరికా రకాల మొక్కలు నాటించాడు. ఆయనే 1921లో స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళాడు, తరువాత సత్యానంద్ అయ్యాడు. మామిడితోటల మధ్యనున్న మా ఊరి బండ్ల మీదికి దసరా నాటికి వచ్చే హిమాచల్ యాపిళ్ళకు మూలం ఆ తోటలే.

* * *

చేసే విధానం క్లుప్తంగా చెబుతాను. పొంగి తగ్గిన పులిసిన పిండి 100 గ్రాములు, కరిగించిన వెన్న 110, బెల్లం పొడి 120, మైదా 200 గ్రాములు. వంటసోడా అరచెంచా, దాల్చినచెక్క పొడి చెంచాన్నర, శొంఠి అరచెంచా, జాజికాయ, లవంగం చిటికెడేసి, ఉప్పు తగినంత. ఒక యాపిలును సన్నగా తరిగి, గుడ్డలో తడి పిండివేసి కలపాలి. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ఉండలు చేసి, కాస్త అదిమి, 175 డిగ్రీల వేడిలో 12 నుండి 14 నిమిషాలు కాల్చాలి. పిండిలోని పులుపు సోడాతో కలిసి వాయువు పుట్టిస్తుంది, అందుచేత మెత్తగా వస్తాయి. నడుమ పచ్చిగా అనిపించినప్పుడే తీయాలి, చల్లారితే సరిపోతుంది.

పళ్ళు లేని మా అమ్మ రెండు తిన్నది. తిని, యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. మా అక్కయ్యను చూడటానికి పెళ్ళివారు వచ్చిననాడు, వంటింటి వైపునుండి పుల్లని వాసన రాగా, వారిలో ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నదట. ఆ సాయంత్రమే అమ్మ, తన అత్తగారి నాటినుండి వస్తున్న తరవాణి కుండను పెరట్లో బోర్లించి పగలగొట్టించింది. "మీ నాయనమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు" అన్నది. ఆ సంబంధం కుదరలేదు. అక్కయ్యకు తరువాత వేరొకచోట పెళ్ళయింది. ఆ అక్కయ్య కూతురే ఈ సీసా తెచ్చిన పిల్ల.

మేనకోడలు తిరిగి వెళ్ళేముందు సీసాలో సగం అమ్మకు వదిలి, "రోజూ కాస్త పిండి వెయ్యాలి అమ్మమ్మా, మరచిపోతే చచ్చిపోతుంది" అని జాగ్రత్తలు చెప్పబోయింది. "నాకు చెబుతావుటే!" అన్నది అమ్మ.

ఆ సీసా ఇప్పటికీ మా వంటింటి మూల, పూర్వం కుండ ఉండిన చోటనే ఉన్నది. మొన్న ఎదురింటి కోడలు గిన్నె పట్టుకొని వచ్చి, కాస్త తోడు అడిగి తీసుకువెళ్ళింది.