హైదరాబాద్ ఎఫ్‌సీ 2023–24 సీజన్

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్‌కు ఇండియన్ సూపర్ లీగ్‌లో 2023–24 అయిదో సీజన్. జీతాల బకాయిలు పేరుకుపోయి, పేరున్న ఆటగాళ్లు సీజన్ మధ్యలోనే ఒక్కొక్కరుగా జట్టును విడిచి వెళ్లారు. మిగతా మ్యాచ్‌లను క్లబ్ ఎక్కువగా కుర్రాళ్లతో ఆడించింది. 12 జట్ల పట్టికలో అట్టడుగున నిలిచింది. 22 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. 5 డ్రా అయ్యాయి, 16 ఓడింది. చేసిన గోల్స్ 10, ప్రత్యర్థులకు ఇచ్చినవి 43, చేతికొచ్చిన పాయింట్లు 8. సరిగ్గా రెండేళ్ల కిందట ఇదే క్లబ్ లీగ్ ఛాంపియన్.

ఈ సీజన్‌లో ఆటగాళ్ల సమ్మె జరగలేదు. వృత్తి క్రీడాజట్టు సీజన్ ఒకటి వేతన వివాదంతో చితికిపోవడం మాత్రం తెలుగు నేల మీద ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. సమ్మె జరిగిన చోట ఏమైందో, జరగని చోట ఏమైందో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సీజన్ స్వభావం బాగా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసంలో కొంత భాగం అమెరికాలో నడుస్తుంది.

పూర్వరంగం

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. ఆ తరం ఆటగాడికి జీతం ఇచ్చింది పోలీసు శాఖ, లేదంటే రైల్వే, బ్యాంకు, ఇంకో ప్రభుత్వ సంస్థ. మ్యాచ్ ఓడినా నెల జీతం ఆగదు, కాలు విరిగినా ఉద్యోగం ఉంటుంది. ఆ పద్ధతిలో ఎవరూ కోటీశ్వరులు కాలేదు గానీ, ఇంటద్దె కట్టలేక జట్టు మారాల్సిన అవసరమూ పడలేదు. నగరం ఆ తర్వాత దశాబ్దాల పాటు జాతీయ స్థాయి ఫుట్‌బాల్‌లో వెనకబడిపోయింది. శాఖల జట్ల కాలం పోయి క్లబ్బుల కాలం వచ్చేసరికి హైదరాబాద్‌కు చెప్పుకోదగ్గ క్లబ్ లేదు.

ఆ వెలితిని తీరుస్తానని వచ్చినదే హైదరాబాద్ ఎఫ్‌సీ. పుణె సిటీ జట్టు మూతపడితే దాని స్థానంలో 2019 ఆగస్టులో ఏర్పడింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు. గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం సొంత మైదానం. తొలి ఏడాది అట్టడుగు స్థానమే దక్కింది. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ రాకతో జట్టు తీరు మారింది. 2020–21లో అయిదో స్థానానికి ఎగబాకింది. 2021–22లో లీగ్ దశలో రెండో స్థానంలో నిలిచి, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఎదుర్కొంది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో జరిగిన ఆ మ్యాచ్‌లో ముందు గోల్ చేసింది కేరళ. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతితో స్కోరు సమమైంది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు; హైదరాబాద్ 3–1తో కప్పు అందుకుంది. ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో లీగ్‌లోనే అగ్రస్థానంలో నిలిచినవాడు నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఒగ్బెచె. కోవిడ్ వల్ల ఆ రెండేళ్లూ లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి, తమ జట్టు ఛాంపియన్ అవుతున్న సీజన్‌ను హైదరాబాదీలు టీవీలోనే చూశారు. మరుసటి ఏడు జట్టు సొంత మైదానానికి తిరిగొచ్చింది. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం. సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లో ఓటమి.

జట్టు చెదిరిన తీరు

2023 వేసవిలోనే పునాది కదిలింది. మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఒగ్బెచె వెళ్లిపోయాడు. ఎడమవైపు రక్షణకు ఆయువుపట్టయిన ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి, బోర్హా హెరెరా, హవియెర్ సివెరియో ఈస్ట్ బెంగాల్‌కు, హలిచరణ్ నర్జరీ బెంగళూరుకు మారారు. క్లబ్ కొత్త విదేశీ ఆటగాళ్లను తెచ్చుకుంది: కోస్టారికా నుంచి జొనాథన్ మోయా, మెక్సికో నుంచి ఒస్వాల్డో అలనిస్, ఫిన్లాండ్ నుంచి పెటెరి పెన్నానెన్, ఆస్ట్రేలియా నుంచి జో నోల్స్. పాతవారిలో బ్రెజిల్‌కు చెందిన జోవావ్ విక్టర్ మిగిలాడు. శిక్షణ బాధ్యత మణిపూర్‌కు చెందిన థాంగ్‌బోయి సింగ్టో మీద పడింది.

తొలి మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో 2–1తో ఓడిన జట్టు డిసెంబరు ముగిసేదాకా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఈ ఓటములకు కారణం ఆటలో కన్నా ఆఫీసులోనే ఎక్కువగా ఉంది. ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు సకాలంలో అందడం లేదన్న సంగతి అప్పటికే బయటపడింది. మాజీ ఆటగాళ్ల బకాయిల కేసులలో అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా క్లబ్ మీద బదిలీల నిషేధం పెట్టింది. ఆ నిషేధం తొలగే వరకు క్లబ్ కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోవడానికి వీల్లేదు. అంటే జట్టు నుంచి పోయేవాళ్లకు దారి తెరిచే ఉంది, వచ్చేవాళ్లకు మాత్రం మూసి ఉంది.

ఇక్కడ ఒక నిబంధన గురించి చెప్పాలి. 2018 నుంచి అమల్లో ఉన్న ఫిఫా నియమం ప్రకారం కనీసం రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు క్లబ్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, బాకీ తీర్చడానికి కనీసం 15 రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ తీరకపోతే ఒప్పందాన్ని న్యాయబద్ధంగా రద్దు చేసుకోవచ్చు. ఆటగాడి చేతిలో ఇది బలమైన ఆయుధమే. అయితే ఇది ఒంటరివాడి ఆయుధం. ఎవరి నోటీసు వాళ్లు ఇచ్చుకోవాలి, ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి. బయట గిరాకీ ఉన్న ఆటగాడికి ఇది పనికొస్తుంది. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి, వేరే క్లబ్ నుంచి పిలుపు రానివాడికి, బట్టలుతికే సిబ్బందికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

జనవరి బదిలీల కాలం రాగానే అదే జరిగింది. విదేశీయుల్లో జోవావ్ విక్టర్ తప్ప మిగిలినవారు వెళ్లిపోయారు. రక్షణ నాయకుడు చింగ్లెన్‌సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరుకు, మహ్మద్ యాసిర్ గోవాకు మారారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆటగాడి సంపాదన కాలం పదేళ్లో పన్నెండేళ్లో, అందులో ఒక్క ఏడాది పోయినా తిరిగి రాదు.

కుర్రాళ్ల సగం

మిగిలిన సగం సీజన్‌ను కెప్టెన్ జోవావ్ విక్టర్ చుట్టూ కుర్రాళ్లతో నడిపారు. అబ్దుల్ రబీ, మకన్ చోతే, రామ్‌లున్‌చుంగా, అలెక్స్ సాజీ వంటివారికి ఒక్కసారిగా ప్రతి వారం పూర్తి మ్యాచ్ ఆడే పని పడింది. సగటు అభిమాని ఈ భాగాన్ని ఓటముల జాబితాగానే గుర్తుంచుకున్నాడు. కానీ జనవరిలో భువనేశ్వర్‌లో జరిగిన సూపర్ కప్ చూసినవారికి వేరే సంగతి తెలుసు. అక్కడ మోహన్ బగాన్ మీద ముందుగా గోల్ చేసి, చివరి నిమిషాల్లో 2–1తో ఓడారు. ఆ టోర్నీ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌తో 3–2 దాకా పోరాడారు. అదే గ్రూపులో ఉన్న మరో హైదరాబాద్ క్లబ్ శ్రీనిధి డెక్కన్ అప్పటికి ఐ–లీగ్‌లో అగ్రశ్రేణి జట్టు. ఒకే నగరంలో కింది లీగ్ క్లబ్ స్థిరంగా ఉండి, పై లీగ్ క్లబ్ కూలుతూ ఉండడం ఆ నెలలో అందరికీ కళ్లకు కట్టింది.

సీజన్‌లో ఒకే ఒక్క గెలుపు 2024 మార్చిలో చెన్నయిన్ ఎఫ్‌సీ మీద 1–0తో వచ్చింది. పట్టికలో ఆ మూడు పాయింట్లతో మారిందేమీ లేదు. లీగ్ నుంచి కిందికి దించే పద్ధతి ఆ ఏడు లేదు కాబట్టి చివరి స్థానానికి శిక్ష కూడా లేదు. అయినా జీతం ఎప్పుడొస్తుందో తెలియని కుర్రాళ్లు ఓ పూర్తిస్థాయి జట్టును ఓడించిన ఆ 90 నిమిషాలకు ఈ క్లబ్ చరిత్రలో ఛాంపియన్‌షిప్ ఫైనల్ తర్వాతి చోటు దక్కాలి. లీగ్ దశ ఏప్రిల్‌లో ముగిసింది. రహీం జీవితం ఆధారంగా తీసిన ‘మైదాన్’ సినిమా విడుదలైందీ ఆ నెలలోనే.

సమ్మె జరిగిన చోట

అమెరికన్ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే, విసిరే ఆట. అక్కడి జాతీయ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 28 జట్ల ఆటగాళ్లు 1982 సెప్టెంబరు 21న సమ్మెకు దిగారు. లీగ్ మొత్తం ఆదాయంలో 55 శాతం ఆటగాళ్లకు చెందాలన్నది వాళ్ల కోరిక. సమ్మె 57 రోజులు సాగింది. జట్టుకు 16 చొప్పున జరగాల్సిన మ్యాచ్‌లు 9కి తగ్గాయి. 55 శాతం రాలేదు గానీ, అనుభవాన్ని బట్టి కనీస జీతాల పట్టిక, ఆట మానేశాక ఇచ్చే పరిహారం సాధించుకున్నారు. ఆ పొట్టి సీజన్‌లో వాషింగ్టన్ జట్టు 9లో 8 గెలిచి, 1983 జనవరి 30న లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో మయామీని 27–17తో ఓడించింది. నాలుగో క్వార్టర్‌లో వాషింగ్టన్ ఆటగాడు జాన్ రిగిన్స్ 43 గజాలు పరుగెత్తి చేసిన స్కోరుతో ఆట మలుపు తిరిగింది.

1987లో మళ్లీ సమ్మె. ఈసారి యజమానులు బయటి నుంచి ఆటగాళ్లను తెచ్చి మూడు వారాలు మ్యాచ్‌లు ఆడించారు. చాలా జట్లలో కొందరు అసలు ఆటగాళ్లు సమ్మె వదిలి మైదానంలోకి వచ్చారు. వాషింగ్టన్ నుంచి ఒక్కరూ రాలేదు. వాళ్ల స్థానంలో ఆడిన అనామకులు మూడు మ్యాచ్‌లూ గెలిచిపెట్టారు. అసలు జట్టు తిరిగొచ్చి ఆ సీజన్ సూపర్ బౌల్‌నూ గెలిచింది. ఆ మూడు వారాల ఆటగాళ్లకు ఛాంపియన్‌షిప్ ఉంగరాలు అందింది మాత్రం 2018లో, ముప్పై ఏళ్లు దాటాక. సమ్మె చేసినవాళ్లనూ, వాళ్ల చోట ఆడినవాళ్లనూ ఒకే క్లబ్ చివరికి తనవాళ్లుగా ఒప్పుకోవడం అరుదైన సంగతి.

తేడా ఎక్కడుందో ఇప్పుడు చూడవచ్చు. అమెరికాలో సీజన్ కుదించుకుపోయింది, జట్టు మిగిలింది. హైదరాబాద్‌లో 22 మ్యాచ్‌లూ జరిగాయి, జట్టు మిగల్లేదు. అక్కడ ఆటగాళ్లందరి తరఫున ఒకే సంఘం బేరమాడింది. ఆ సంఘానికి యజమానులతో ఉమ్మడి ఒప్పందం ఉంది. మన దేశంలో 2006లోనే ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం ఏర్పడింది. బైచుంగ్ భూటియా వంటివారు దానికి ముందు నిలిచారు. అయితే లీగ్‌తో కూర్చుని అందరి జీతాలకు ఒకే ఒప్పందం రాయించే స్థాయికి అది చేరలేదు. సమ్మె అంటే ఏమిటో తెలంగాణకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. దాదాపు 48 వేల మంది కార్మికులు విధులకు వెళ్లలేదు.  హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజన్ ఆరంభమైందీ ఆ రోజుల్లోనే. అదే నగరంలో నాలుగేళ్ల తర్వాత జీతం అందని ఆటగాళ్లకు అలా కలిసి ఆగే వీలు ఏర్పడలేదు. ఇరవై అయిదు మంది జట్టులో సగం మంది ఏడాది, రెండేళ్ల ఒప్పందాల మీద వేరు వేరు రాష్ట్రాల నుంచీ దేశాల నుంచీ వచ్చినవాళ్లయితే సంఘం కట్టడం తేలిక కాదు.

తర్వాత

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. 2024–25లో జట్టు 13 జట్లలో 12వ స్థానంలో ముగించింది. 2025లో యాజమాన్యం క్లబ్‌ను ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. దాంతో దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో హైదరాబాద్ పేరు లేకుండా పోయింది.

ఆ ఏడాదే లీగ్ మొత్తానికీ కష్టం వచ్చింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగ్ నిర్వాహక సంస్థకూ మధ్య ఉన్న వాణిజ్య ఒప్పందం గడువు దగ్గరపడి, కొత్త ఒప్పందం కుదరక 2025–26 సీజన్ నెలల తరబడి మొదలుకాలేదు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. 2025 నవంబరులో సునీల్ ఛెత్రీ, గుర్‌ప్రీత్ సింగ్ సంధు, సందేశ్ ఝింగన్ సహా వివిధ జట్ల ఆటగాళ్లు, మమ్మల్ని ఆడనివ్వండని కోరుతూ ఒకే ప్రకటనను తమ పేర్లతో విడుదల చేశారు. సీజన్ 2026 ఫిబ్రవరిలో, కుదించిన మ్యాచ్‌లతో మొదలైంది.