తూటా తోస్తుందా, తొలుస్తుందా?

సినిమాలో తూటా తగిలినవాడు పదడుగులు వెనక్కి ఎగిరి అద్దాల మీద పడతాడు. లెక్క దీనికి ఒప్పుకోదు. ఏకే-47 తూటా బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 715 మీటర్లు. అది 70 కిలోల మనిషి ఒంట్లోనే ఆగిపోయినా అతను సెకనుకు 8 సెంటీమీటర్ల వేగంతో వెనక్కి కదులుతాడు, అంతే. కాల్చినవాడి భుజానికీ అంతే తోపు తగులుతుంది, నిజానికి కాస్త ఎక్కువే. వాడు ఎగిరిపడడు కదా! మరి ప్రాణం తీసేదేమిటి?

1687లో ఔరంగజేబు ఫిరంగులు గోల్కొండ గోడల్ని బాదుతున్న నెలల్లోనే లండన్‌లో న్యూటన్ ‘ప్రిన్సిపియా’ అచ్చయింది. ద్రవ్యవేగం (ద్రవ్యరాశి, వేగాల లబ్ధం) ఎంత త్వరగా మారితే బలం అంత ఎక్కువన్నది అందులోని సూత్రమే. అంతకు ఏడాది ముందే జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్, లెక్కలోకి రావాల్సింది వేగం కాదు, దాని వర్గం అని పేచీ పెట్టాడు. 1722 ప్రాంతంలో లైడెన్‌లో డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండే ఇత్తడి గుండ్లను బంకమట్టి మీదికి వదిలి చూశాడు. వేగం రెట్టింపైతే గుంట నాలుగింతలైంది. తోసేది ద్రవ్యవేగం, తొలిచేది వేగం వర్గంతో పెరిగే గతిజశక్తి.

తూటా వేగాన్ని కొలిచిన ఘనత ఇంగ్లిష్ గణితవేత్త బెంజమిన్ రాబిన్స్‌ది. చెక్క తొడిగిన ఇనుప పలకను వేలాడదీసి, దాంట్లోకి గుండు పేల్చి, పలక ఎంత ఊగిందో చూసి గుండు వేగం రాబట్టాడు. ఈ పద్ధతిని వివరించిన ఆయన పుస్తకం 1742లో వచ్చింది. తర్వాత ఆయన ఈస్టిండియా కంపెనీవారి ఇంజనీరుగా మన తీరానికే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు.

హైదరాబాద్‌లో నిజాం ఫిరంగులు పోతపోసిన చోటు గన్‌ఫౌండ్రీ పేరుతో మిగిలింది. ఇప్పుడీ తూటాల విద్య నగరం తూర్పు వైపు కాపురముంది. నాచారం, ఉప్పల్‌లకు కూతవేటు దూరంలోని రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. అక్కడి బాలిస్టిక్స్ విభాగం తూటా ఒంటి మీది గాట్లు చూసి అది ఏ తుపాకీదో తేలుస్తుంది. ఇంకాస్త దక్షిణాన కంచన్‌బాగ్. 1963లో వచ్చిన రక్షణ లోహ పరిశోధనాలయం డీఎంఆర్‌ఎల్ అక్కడే అర్జున్ ట్యాంకుకు కవచం తయారుచేసింది. దానికి ఊరి పేరే, ‘కంచన్’ అని పెట్టారు. పక్కనున్న ప్రభుత్వ లోహ సంస్థ మిధాని, భాభా అణు పరిశోధన కేంద్రం సాంకేతికతతో సైనికులకు ‘భాభా కవచ్’ జాకెట్లు చేస్తోంది.

ఏకే తూటా శక్తి దాదాపు 2,000 జౌళ్లు. దాన్ని 2 సెంటీమీటర్లలో ఆపాలంటే సగటున 10 టన్నుల బరువంత బలం కావాలి. జాకెట్‌లో ముందున్న సిరామిక్ పలక తూటా మొనను పిండిచేస్తుంది, వెనకనున్న నార పొరలు సాగి ముక్కల్ని పట్టుకుంటాయి. తొలిచే శక్తి అక్కడే ఖర్చయిపోతుంది. తోపు మాత్రం ఎక్కడికీ పోదు, రెప్పపాటులో ఛాతీ మీదికే వస్తుంది, కాబట్టి బలం ఎక్కువ. పక్కటెముక విరిగినా విరగొచ్చు. అందుకే జాకెట్‌ను పరీక్షించేటప్పుడు వెనక మట్టిలాంటి ముద్ద పెట్టి కాలుస్తారు. తూటా ఆగినా, అమెరికా ప్రమాణం ప్రకారం ఆ ముద్దలో గుంట 44 మిల్లీమీటర్లు దాటితే జాకెట్ తప్పినట్టే.